సాంకేతిక పదాలకు నానార్థాలు: వ్యవసాయ విస్తరణలో వాటి పర్యవసానాలు

సారాంశం

ఒక వృత్తిలో పుట్టిన మాట మరొక వృత్తిలోకి, పరిశ్రమలోకి, శాస్త్రంలోకి, చట్టంలోకి ప్రయాణించే క్రమంలో పాత అర్థాన్ని వదలకుండానే కొత్త అర్థాలను సంతరించుకుంటుంది. వ్యవసాయ రంగంలో ఈ నానార్థత భాషా విశేషం మాత్రమే కాదు. మోతాదు, పంట ఖర్చు, నేల ఆరోగ్యం, ఒక్కొక్కసారి మనిషి ప్రాణం కూడా దానిపై ఆధారపడి ఉంటాయి. తెలుగు రైతులు, శాస్త్రవేత్తలు నిత్యం వాడే కొన్ని పదాలు బహుళార్థాలను పొందిన తీరు, అందువల్ల సిఫారసుల అమలులో తలెత్తే ఇబ్బందులు, వాటిని నివారించే మార్గాలు ఈ వ్యాసంలో వివరించబడ్డాయి.

కీలక పదాలు: నానార్థత, సాంకేతిక పదజాలం, మోతాదు, వ్యవసాయ విస్తరణ, వృత్తి పదాలు

ఉపోద్ఘాతం

విస్తరణ శాస్త్రవేత్త చేసే సిఫారసు రైతుకు చేరేది మాటల ద్వారానే. పరిశోధన ఎంత నిర్దుష్టంగా జరిగినా, దాని ఫలితాన్ని మోసుకుపోయే పదం చెప్పేవారి మనసులో ఒక అర్థంతోను, వినేవారి మనసులో మరొక అర్థంతోను ఉంటే ఆ సిఫారసు దారి తప్పుతుంది. ఇరువురికీ తెలియని పదం వల్ల ఈ ప్రమాదం తక్కువ. తెలియని పదం ఎదురైతే రైతు అడిగి తెలుసుకుంటాడు. ఇరువురికీ బాగా తెలిసిన పదం విషయంలో అడగవలసిన అవసరం ఎవరికీ తోచదు. నానార్థ పదాల ప్రమాదమంతా ఇక్కడే ఉంది.

ఒకే పదానికి పరస్పర సంబంధం గల పలు అర్థాలు ఏర్పడే లక్షణాన్ని ఫ్రెంచి భాషావేత్త మిషెల్ బ్రెయాల్ 1897లో ప్రచురించిన అర్థవిజ్ఞాన గ్రంథంలో ప్రత్యేకంగా చర్చించాడు. సమాజంలో ఎన్ని వృత్తులు ఉంటే పదానికి అన్ని అర్థాలు ఏర్పడే అవకాశం ఉంటుందన్నది అర్థవిజ్ఞానంలో స్థిరపడిన భావన. వ్యవసాయం అనేక వృత్తులు కలిసే కూడలి. నేల, వాతావరణం, రసాయన పరిశ్రమ, యంత్ర పరిశ్రమ, విపణి, చట్టం అన్నీ తమ తమ పదాలను ఇక్కడికే తెస్తాయి.

ఒక పదం, మూడు వృత్తులు

ఈ పరిణామం ఆధునిక పరిశ్రమలతోనే మొదలు కాలేదనడానికి 'పదును' అనే పదమే నిదర్శనం. రైతుకు పదును అంటే దుక్కికి, విత్తనానికి అనువైన తేమ. కమ్మరికి పదును అంటే ఇనుమును కాల్చి, నీటిలో ముంచి తెచ్చిన గట్టిదనం, దాని వల్ల అంచుకు వచ్చే వాడి. తోలు పని చేసేవారికి పదును అంటే పచ్చి చర్మం కుళ్లకుండా, వాడకానికి పనికివచ్చే స్థితికి రావడం. మూడు అర్థాలకూ మూలంలో ఉన్న భావన ఒక్కటే: పదార్థం పనికి అనువైన స్థితిలో ఉండడం.

నేల శాస్త్రం ఇదే విషయాన్ని వేరుగా చెబుతుంది. నేలలో పెద్ద రంధ్రాల నుండి నీరు జారిపోయిన తరువాత నిలిచి ఉండే తేమను క్షేత్ర నీటి సామర్థ్యం అంటారు. నేల ముద్ద కట్టే దశ మొదలయ్యే తేమ స్థాయిని మరొక పరిమితిగా గుర్తిస్తారు. రైతు చెప్పే పదును సాధారణంగా ఈ ముద్ద కట్టే స్థాయికి కొంచెం దిగువన ఉంటుంది. అందువల్ల పదునును క్షేత్ర నీటి సామర్థ్యానికి పర్యాయపదంగా బోధించడం సరికాదు. నల్లరేగడిలో క్షేత్ర నీటి సామర్థ్యం వద్ద దుక్కి చేస్తే పెళ్లలు లేస్తాయి. ఆ సంగతి రైతుకు తెలుసు. రెండు పదాలను ఒకటిగా చూసిన విద్యార్థికి మాత్రం తెలియదు.

ఇటువంటి వృత్తి పదాల విలువను గుర్తించి ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటాన్ని భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వెలువరించింది. ఆ సంపుటం పూర్తిగా వ్యవసాయ పదాలకే కేటాయించబడింది. ఒకే పనిముట్టుకు ప్రాంతానికొక పేరు ఉండడం, ఒకే పేరు ప్రాంతానికొక వస్తువును సూచించడం అటువంటి సేకరణల వల్లనే స్పష్టమయింది.

అర్థాలు పెరిగే మార్గాలు

సాంకేతిక పదాలు కొత్త అర్థాలను పొందే మార్గాలలో మూడు ముఖ్యమైనవి.

మొదటిది పోలిక. ఇనుముకు పట్టే తుప్పు రంగులో ఆకులపై పొక్కులు కనిపించగా దానిని తుప్పు తెగులు అన్నారు. కంకిలో గింజకు బదులు నల్లని పొడి ఏర్పడితే కాటుక తెగులు అన్నారు. ఆకుపై తెల్లని పొడి ఉంటే బూడిద తెగులు అయింది. దోమ వలె ఎగిరే చిన్న పురుగులన్నీ పచ్చదోమ, తెల్లదోమ, సుడిదోమ అయ్యాయి. ఈ పేర్లు లక్షణాన్ని కళ్లకు కట్టిస్తాయి కనుక రైతుకు గుర్తుంటాయి. అయితే అవి కంటికి కనిపించేదానినే చెబుతాయి, కారణాన్ని చెప్పవు.

రెండవది సాన్నిహిత్యం. 'పొటాష్' ఇందుకు చక్కని ఉదాహరణ. కట్టెల బూడిదను నీటిలో నానబెట్టి, తేరిన నీటిని ఇనుప కుండలలో మరిగించి ఇగిర్చితే మిగిలే లవణానికి ఐరోపాలో 'కుండ బూడిద' అనే అర్థం గల పేరు వచ్చింది. అది ప్రధానంగా పొటాషియం కార్బొనేట్. సబ్బు, గాజు పరిశ్రమలకు అది ఎంతో అవసరమైన సరకు. అమెరికా ప్రభుత్వం 1790లో ఇచ్చిన మొట్టమొదటి పేటెంటు ఈ పొటాష్ తయారీ విధానానికే. 1807లో హంఫ్రీ డేవీ కాస్టిక్ పొటాష్ నుండి విద్యుత్తు ద్వారా ఒక లోహాన్ని వేరుచేసి, దానికి పొటాషియం అని పేరు పెట్టాడు. 1860ల నుండి జర్మనీలోని స్టాస్‌ఫర్ట్ గనులలో పొటాషియం లవణాలను పరిశ్రమ స్థాయిలో తవ్వడం మొదలయింది. అప్పటి నుండి ఎరువుల వ్యాపారంలో పొటాష్ అంటే గనిలోని లవణమే. నేడు రైతు 'పొటాష్ బస్తా' అన్నప్పుడు అందులో కుండా లేదు, బూడిదా లేదు. ఉన్నది మ్యూరేట్ ఆఫ్ పొటాష్, అనగా పొటాషియం క్లోరైడ్. కార్బొనేట్, హైడ్రాక్సైడ్, క్లోరైడ్, ఆక్సైడ్ లెక్క, ఇవన్నీ ఒకే పేరు కిందికి చేరాయి.

మూడవది పని నిలిచి వస్తువు మారడం, లేక వస్తువు నిలిచి పని మారడం. 'ట్యాంకు' భారతదేశ పశ్చిమ తీర భాషల ద్వారా, పోర్చుగీసు పదం ప్రభావంతో ఆంగ్లంలో చేరినదని నిఘంటుకారులు చెబుతారు. మన నీటిపారుదల దస్త్రాలలో ట్యాంకు అంటే చెరువు. హైదరాబాదులోని ట్యాంక్‌బండ్ హుస్సేన్‌సాగర్ కట్టే. పరిశ్రమలో అదే మాట ద్రవాలు నిల్వచేసే తొట్టికి పేరయింది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటన్ తన కొత్త యుద్ధవాహనాల తయారీని రహస్యంగా ఉంచడానికి వాటిని నీటి ట్యాంకులుగా ప్రస్తావించింది. 1916లో అవి యుద్ధరంగంలోకి వచ్చిన తరువాత కూడా ఆ పేరే నిలిచింది. నేటి రైతుకు ట్యాంకు అంటే వీపున మోసే స్ప్రేయర్‌లోని తొట్టి. అది క్రమంగా కొలతగా కూడా మారిపోయింది. దాని పర్యవసానం ముందు చూడవచ్చు.

సేంద్రియం: మూడు శాస్త్రాలలో మూడు అర్థాలు

'సేంద్రియ' అంటే ఇంద్రియాలతో కూడినది, అనగా జీవసంబంధమైనది. పందొమ్మిదవ శతాబ్ది ఆరంభంలో రసాయన శాస్త్రవేత్తలు జీవుల నుండి లభించే పదార్థాలను సేంద్రియాలని, ఖనిజాల నుండి లభించేవాటిని నిరింద్రియాలని విభజించారు. 1828లో జర్మన్ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ వోలర్ నిరింద్రియంగా భావించిన పదార్థాల నుండి ప్రయోగశాలలో యూరియాను తయారుచేయడంతో ఆ విభజనకు ఆధారం సడలింది. అయినా పేరు పోలేదు, అర్థం మారింది. కర్బన సమ్మేళనాల రసాయన శాస్త్రమే సేంద్రియ రసాయన శాస్త్రం అయింది.

నేల శాస్త్రంలో సేంద్రియ కర్బనం అంటే మొక్కల, జంతువుల, సూక్ష్మజీవుల అవశేషాలలోని కర్బనం. వాక్లే, బ్లాక్ అనే శాస్త్రవేత్తలు 1934లో ప్రతిపాదించిన పద్ధతిలో దీనిని నిర్ధారిస్తారు. ఇది 0.5 శాతం కన్న తక్కువ ఉంటే తక్కువ స్థాయిగా, 0.5 నుండి 0.75 వరకు మధ్యస్థంగా, ఆపైన ఎక్కువగా పరిగణిస్తారు.

సాగు విధానంలో సేంద్రియం మరొక అర్థం. వ్యవసాయ క్షేత్రమంతా ఒక జీవి వంటిదన్న భావనతో 1940లో లార్డ్ నార్త్‌బోర్న్ తన గ్రంథంలో ఈ పదాన్ని సాగుకు అన్వయించాడు. మన దేశంలో 2001 నుండి అమలులో ఉన్న జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం దీనికి ప్రమాణాలను, ధ్రువీకరణను కల్పించింది. ఆ విధంగా సేంద్రియం చట్టపరమైన అర్థాన్ని కూడా పొందింది.

ఈ మూడు అర్థాలను పక్కపక్కన ఉంచితే వైరుధ్యం వెంటనే తెలుస్తుంది. రసాయన శాస్త్రం ప్రకారం యూరియా సేంద్రియ సమ్మేళనం. సేంద్రియ సాగు ప్రమాణాల ప్రకారం కర్మాగారంలో తయారైన యూరియా నిషిద్ధం. రెండూ తమ తమ పరిధిలో సరైనవే. అంతకన్న జాగ్రత్త వహించవలసిన ఉదాహరణ మరొకటి ఉంది. నాడీ వ్యవస్థలోని ఎసిటైల్ కోలినెస్టరేజ్ ఎంజైమును అడ్డుకునే ఒక పురుగుమందుల వర్గాన్ని 'సేంద్రియ భాస్వర సమ్మేళనాలు' అని అనువదించడం కనబడుతుంది. మనుషులకు హాని కలిగించే విషాలు ఆ వర్గంలో ఎన్నో ఉన్నాయి. సేంద్రియం అంటే హాని లేనిదని, భాస్వరం అంటే పోషకమని అప్పటికే తెలుసుకున్న రైతుకు ఆ అనువాదం పూర్తిగా విపరీతార్థాన్ని ఇస్తుంది. ఇటువంటి చోట 'ఆర్గానోఫాస్ఫేట్' అనే అరువు పదమే శ్రేయస్కరం. అది రైతుకు కొత్త పదమే. అందుకే అడిగి తెలుసుకుంటాడు.

మందు: రోగికి, పైరుకు, నేలకు

తెలుగులో 'మందు' కున్నన్ని అర్థాలు మరే వ్యవసాయ పదానికీ లేవేమో. అది రోగికి ఔషధం, పురుగుకు విషం, కలుపుకు గడ్డి మందు, పలు గ్రామాలలో పైరుకు వేసే ఎరువు, తుపాకీకి మందుగుండు, వాడుకలో మద్యం కూడా. 'మందు వేయడం', 'మందు చల్లడం', 'మందు కొట్టడం' అనే క్రియాభేదాన్ని బట్టి గ్రామీణులు అర్థాన్ని గ్రహిస్తారు. కాని రాతలో, దూరవాణి సంభాషణలో, దుకాణపు చీటీలో ఆ భేదం చెరిగిపోతుంది.

ఔషధమనే మూలార్థం పురుగుమందుకు ఒక మంచితనాన్ని అంటగడుతుంది. ఔషధం ఎక్కువైతే త్వరగా నయమవుతుందనే అపోహ పైరు విషయంలోనూ పనిచేస్తుంది. పురుగుమందుల చట్టం 1968, నియమాలు 1971 ప్రకారం ప్రతి డబ్బాపైనా విషతీవ్రతను తెలిపే రంగు త్రిభుజం ఉండాలి. నోటి ద్వారా శరీరంలో చేరినప్పుడు ప్రయోగ జంతువులలో సగం మరణించడానికి కిలో బరువుకు కావలసిన మోతాదు 1 నుండి 50 మి.గ్రా. అయితే ఎరుపు, 51 నుండి 500 మి.గ్రా. అయితే పసుపు, 501 నుండి 5000 మి.గ్రా. అయితే నీలం, 5000 మి.గ్రా. దాటితే ఆకుపచ్చ. పదాలకే కాక రంగులకు కూడా నానార్థాలుంటాయి. ఆకుపచ్చ అంటే కూడలి దీపం వద్ద 'పోవచ్చు', ఆహార పొట్లంపై శాకాహారం, సాధారణ భావనలో ప్రకృతి. పురుగుమందు డబ్బాపై మాత్రం దాని అర్థం 'విషతీవ్రత తక్కువ' అని, 'విషం కాదు' అని కాదు. నాలుగు రంగులలో ఏదీ రక్షణ దుస్తులను మానుకోవడానికి అనుమతి ఇవ్వదు.

ఈ పదం ప్రాణసంకటంగా మారేది ఆసుపత్రిలో. పిచికారీ చేస్తూ స్పృహ తప్పిన వ్యక్తిని తెచ్చినవారు 'మందు కొడుతూ పడిపోయాడు' అని మాత్రమే చెబితే వైద్యునికి ఏమీ చెప్పనట్లే. ఆర్గానోఫాస్ఫేట్ విషప్రభావానికి ఎట్రోపిన్ వంటి విరుగుడు ఉంది. పారాక్వాట్ అనే కలుపు మందుకు ప్రత్యేకమైన విరుగుడు లేదు. చికిత్స మార్గాలే వేరు. అందువల్ల డబ్బాను లేక దానిపై చీటీని రోగితో పాటు తీసుకువెళ్లాలని ప్రతి శిక్షణలోనూ చెప్పాలి. 'మందు' అనే మాట దాచిన వివరం ఆ చీటీ మీద ఉంటుంది.

పేరు ఒకటి, మోతాదులు పలు

వరిలో కాండం తొలుచు పురుగుకు 'గుళికలు వేయండి' అనే సలహా తరచుగా వినబడుతుంది. గుళిక అనేది మందు రూపాన్ని చెప్పే పదం. చాలాకాలం ఒకే రకం గుళికలు ప్రచారంలో ఉన్నందువల్ల రూపం పేరే మందు పేరయింది. సిఫారసులలో కనబడే మూడు గుళికల మందులను పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. కార్బోఫ్యూరాన్ 3జి ఎకరానికి 10 కిలోలు, కార్టాప్ హైడ్రోక్లోరైడ్ 4జి ఎకరానికి 8 కిలోలు, క్లోరాంట్రానిలిప్రోల్ 0.4 శాతం గుళికలు ఎకరానికి 4 కిలోలు. వీటిలో క్రియాశీల పదార్థం వరుసగా 300 గ్రాములు, 320 గ్రాములు, 16 గ్రాములు. మొదటి మందుకు అలవాటుపడిన రైతు మూడవ మందును కూడా 10 కిలోలు వేస్తే మోతాదు రెండున్నర రెట్లు అవుతుంది, ఖర్చు కూడా అంతే పెరుగుతుంది. మూడవదానికి అలవాటుపడినవారు రెండవదానిని 4 కిలోలు వేస్తే సగం మోతాదే అందుతుంది. పురుగు చావదు. మందు పనిచేయలేదన్న అపవాదు మిగులుతుంది.

'బస్తా' కూడా ఇటువంటిదే. యూరియా బస్తా బరువు 2018లో 50 కిలోల నుండి 45 కిలోలకు తగ్గింది. 46 శాతం నత్రజని లెక్కన 50 కిలోల బస్తాలో 23 కిలోల నత్రజని ఉండగా, 45 కిలోల బస్తాలో 20.7 కిలోలు మాత్రమే ఉంటుంది. ఆ తరువాత వచ్చిన గంధకపు పూత యూరియాలో నత్రజని 37 శాతం, బస్తా 40 కిలోలు. అంటే బస్తాకు 14.8 కిలోల నత్రజని, దానితో పాటు గంధకం. 'ఎకరానికి రెండు బస్తాల యూరియా' అనే ఒకే వాక్యం ఈ మూడు సందర్భాలలో వరుసగా 46, 41.4, 29.6 కిలోల నత్రజనిని సూచిస్తుంది. 2021లో నానో యూరియా వచ్చినప్పుడు అర లీటరు సీసాలో 4 శాతం లెక్కన ఉన్న నత్రజని 20 గ్రాములు. ఆకులపై పిచికారీ చేసే ద్రావణాన్ని, నేలలో వేసే గుళికలను ఒకే 'యూరియా' పేరుతో పిలిచినప్పుడు వాటిని పోల్చవలసిన ప్రమాణం ఏదో స్పష్టంగా చెప్పకపోతే చర్చ అంతా మాటల మీదనే సాగుతుంది.

ఇక ట్యాంకు. ఒక మందును లీటరు నీటికి 2 మి.లీ. చొప్పున ఎకరానికి 200 లీటర్ల ద్రావణం పిచికారీ చేయమన్నారనుకుందాం. ఎకరానికి అందవలసిన మందు 400 మి.లీ. డ్రోనుతో ఎకరానికి సుమారు 10 లీటర్ల ద్రావణం సరిపోతుంది. 'లీటరుకు 2 మి.లీ.' అనే మాటనే పట్టుకుని డ్రోను ట్యాంకు నింపితే ఎకరానికి అందేది 20 మి.లీ. మాత్రమే. ఇందుకు విరుద్ధంగా, డ్రోను కోసం కలిపిన చిక్కని ద్రావణాన్ని చేతి స్ప్రేయరులో పోసి వాడితే మోతాదు పలు రెట్లు పెరిగి పైరు మాడిపోవచ్చు, పిచికారీ చేసేవారికి ముప్పు కలగవచ్చు. ట్యాంకు పరిమాణం యంత్రంతో మారుతుంది. ఎకరం మారదు. కనుక మోతాదును ఎకరానికి చెప్పి, నీటి పరిమాణాన్ని యంత్రాన్ని బట్టి విడిగా చెప్పడమే సరైన పద్ధతి.

భాస్వరం: బస్తాపై ఒకటి, నివేదికలో మరొకటి

విద్యార్థులు తరచుగా తడబడే అంశం పోషకాల లెక్క. ఎరువు బస్తాపై భాస్వరం శాతమని వ్యవహరించే అంకె మూలకానిది కాదు, ఫాస్ఫరస్ పెంటాక్సైడ్ రూపంలో కట్టిన లెక్క. పొటాష్ శాతం కూడా పొటాషియం ఆక్సైడ్ రూపంలో చెప్పబడుతుంది. పదార్థాన్ని కాల్చి, మిగిలిన బూడిదను ఆక్సైడ్లుగా లెక్కించిన పందొమ్మిదవ శతాబ్ది విశ్లేషణ పద్ధతుల వారసత్వమిది. నిజానికి ఈ ఆక్సైడ్లు ఆ రూపంలో ఎరువులో ఉండవు. 50 కిలోల డీఏపీ బస్తాలో 46 శాతం లెక్కన 23 కిలోల 'భాస్వరం' ఉందంటారు. మూలకంగా చూస్తే అది సుమారు 10 కిలోలే. ఆక్సైడ్ విలువను 0.44తో గుణిస్తే మూలక విలువ వస్తుంది. పొటాష్‌కు ఈ గుణకం 0.83.

భూసార పరీక్షలో ఈ భేదం నిర్ణయాన్నే మార్చివేస్తుంది. లభ్య భాస్వరం మూలక రూపంలో హెక్టారుకు 10 నుండి 25 కిలోలు ఉంటే మధ్యస్థం. ఆక్సైడ్ రూపంలో అదే పరిధి సుమారు 23 నుండి 57 కిలోలు. నివేదికలో '20' అని మాత్రమే ఉంటే, మూలక లెక్కలో ఆ నేల మధ్యస్థం, ఆక్సైడ్ లెక్కలో తక్కువ. ఒకే అంకెకు రెండు సిఫారసులు వస్తాయి. రూపం పేర్కొనని అంకెను నివేదికగా పరిగణించరాదు.

హైబ్రిడ్: శాస్త్రంలో సంకరం, సంతలో 'నాటుది కానిది'

ప్రజనన శాస్త్రంలో హైబ్రిడ్ అంటే జన్యుపరంగా భిన్నమైన జనకుల సంకరం వల్ల వచ్చిన మొదటి తరం. 1964లో విడుదలైన సి.ఎస్.హెచ్.-1 జొన్న వంటి సంకరాలు, ఐ.ఆర్.-8 వంటి అధిక దిగుబడి వరి రకాలు దాదాపు ఒకే కాలంలో గ్రామాలకు చేరాయి. ఫలితంగా జనవ్యవహారంలో హైబ్రిడ్ అంటే 'నాటుది కానిది' అనే అర్థం స్థిరపడింది. ఈ అర్థంలో సూటి రకాలు కూడా హైబ్రిడ్లే.

రైతుకు దీనివల్ల రెండు విధాల నష్టం. నిజమైన సంకరం పంట నుండి గింజ దాచి మరుసటి ఏడు విత్తితే, రెండవ తరంలో లక్షణాలు విడిపోయి పైరు ఎగుడుదిగుడుగా వస్తుంది. అది మొదటి నష్టం. 1986లో బాపట్ల నుండి విడుదలైన సాంబ మసూరి (బి.పి.టి. 5204) వంటి సూటి రకాన్ని హైబ్రిడ్ అనుకుని, కల్తీ లేకుండా సొంతంగా నిలుపుకోగల విత్తనాన్ని ఏటా కొనడం రెండవ నష్టం. ఇది బయటకు కనిపించదు కనుక ఏళ్ల తరబడి సాగుతుంది. 'సీడు' అనే అరువు పదం తీరు ఇంకా విచిత్రం. గద్వాల ప్రాంతంలో 'సీడు పత్తి' అంటే విత్తనమని కాదు, సంకర విత్తనోత్పత్తి కోసం ఒప్పందంపై సాగుచేసే పత్తి. అరువు వచ్చిన పదం మాతృభాషా పదానికి పర్యాయంగా మిగలక, దాని పక్కన వేరొక పనిలో కుదురుకుంది.

రైతు పలుకుబడిలోని విచక్షణ

నానార్థత అంతా రైతు భాషలోని లోపమని భావించడం పొరపాటు. విస్తరణ సాహిత్యం కుదించిన చోట రైతు భాష స్పష్టతను నిలుపుకున్న సందర్భాలున్నాయి. 'చౌడు' అనే ఒక్క మాటతో ఉప్పు నేలలను, క్షార నేలలను కలిపి వ్యవహరించడం సాధారణం. కాని గ్రామీణులు పాలచౌడు, కారుచౌడు అని రెండుగా విభజించారు. నేలపై తెల్లని ఉప్పు పొర తేలేది పాలచౌడు. దాని విద్యుత్ వాహకత 4 డెసిసీమెన్స్ దాటి, ఉదజని సూచిక 8.5 లోపు ఉంటుంది. మురుగు కాలువలు తీసి మంచి నీటితో లవణాలను కడిగివేయడమే దానికి మార్గం. కారుచౌడులో ఉదజని సూచిక 8.5 దాటి, మార్పిడి చెందగల సోడియం 15 శాతానికి మించి ఉంటుంది. నీరు ఇంకదు. దీనికి జిప్సం వేసి, సోడియంను కాల్షియంతో తొలగించిన తరువాతనే కడగాలి. పాలచౌడుకు జిప్సం వేయడం వృథా ఖర్చు. కారుచౌడును జిప్సం లేకుండా కడగబోతే నీరు నిలిచి నేల మరింత బిగుస్తుంది. రైతు చెప్పే విశేషణాన్ని వదిలి 'చౌడు' అని మాత్రమే రాసుకున్న అధికారి అత్యవసరమైన సమాచారాన్ని వదిలివేసినట్లే.

మిరపలో 'ముడత' కూడా అంతే. తామర పురుగుల వల్ల ఆకు అంచులు పైకి ముడుచుకుంటాయి. నల్లి వల్ల ఆకులు కిందికి ముడుచుకుని తిరగబడిన పడవ వలె కనబడతాయి. తెల్లదోమ వ్యాప్తి చేసే జెమిని వైరస్ వల్ల కూడా ఆకులు ముడుచుకుని మొక్క గిడసబారుతుంది. 'పైముడత', 'కింది ముడత' అనే రైతు మాటలలో కారణ నిర్ధారణ ఇమిడి ఉంది. నల్లి ఎనిమిది కాళ్ల జీవి, కీటకం కాదు. 'ముడతకు మందు' అని సింథటిక్ పైరిత్రాయిడ్ కొడితే నల్లి తగ్గకపోగా ఉధృతం కావచ్చు. 2021లో రెండు తెలుగు రాష్ట్రాల మిరప తోటలను దెబ్బతీసిన కొత్త తామర పురుగు ఆకులకన్న పూతనే ఎక్కువగా ఆశించింది. అప్పటివరకు తామర పురుగు అంటే పైముడత అనే అర్థం పాతుకుపోయి ఉంది. రైతులు దానిని 'నల్ల తామర పురుగు' అని వేరుచేసి పిలవడం వల్ల పాత పదంలోని అయోమయం కొంత తొలగింది.

విస్తరణ శాస్త్రవేత్తలు పాటించదగిన అంశాలు

పైన చర్చించిన ఉదాహరణల నుండి ఆచరణకు పనికివచ్చే కొన్ని సూత్రాలను గ్రహించవచ్చు.

1. సిఫారసులో మందు సాధారణ నామం, గాఢత, రూపం, ఎకరానికి మోతాదు అనే నాలుగింటినీ కలిపి చెప్పాలి. వీటిలో ఏ ఒక్కటి లోపించినా సిఫారసు అసంపూర్ణం.

2. బస్తా, ట్యాంకు, సీసా, మూత వంటి పాత్రల పేర్లను కొలతలుగా వాడరాదు. వాడవలసి వస్తే కిలోలలోను, లీటర్లలోను వాటి విలువను వెంటనే తెలపాలి. నెల్లూరు ప్రాంతంలో ధాన్యం పుట్టి 850 కిలోలు అన్నట్లు స్థానిక కొలతలకు కూడా ఇదే నియమం వర్తిస్తుంది.

3. అనువాదంలో మాటకు మాట కాక, ఆ మాట వినేవారి మనసులో ఏ అర్థం ముందుగా మెదులుతుందో చూడాలి. ఉన్న తెలుగు పదం విపరీతార్థానికి దారితీస్తే అరువు పదమే మేలు. అరువు పదానికి ఇదివరకే స్థానికంగా మరొక అర్థం ఏర్పడి ఉంటే వివరణ తప్పనిసరి.

4. రైతు వాడిన పదాన్ని దాని విశేషణంతో సహా యథాతథంగా నమోదు చేసుకుని, ఆ తరువాతనే శాస్త్రీయ నామాన్ని రాయాలి. 'ముడత' అని కాక 'కింది ముడత' అని రాసుకున్నప్పుడే ప్రయోగశాలలోని సహచరునికి అది ఉపయోగపడుతుంది.

5. చెప్పిన తరువాత 'అర్థమైందా' అని అడగడం కన్న 'ఎంత వేస్తారు, దేనిలో కలుపుతారు' అని అడిగి రైతు చేత చెప్పించడం మేలు. నానార్థం వల్ల కలిగిన పొరపాటు అప్పుడే బయటపడుతుంది.

ముగింపు

పదాలకు పలు అర్థాలు ఏర్పడకుండా ఆపడం ఎవరివల్లా కాదు, అవసరమూ లేదు. పదును అనే మాట మూడు వృత్తులను కలిపింది. పొటాష్ అనే మాటలో రెండు శతాబ్దాల పరిశ్రమ చరిత్ర నిక్షిప్తమై ఉంది. కొత్త వస్తువు వచ్చిన ప్రతిసారీ కొత్త పదాన్ని కల్పించుకోవడం కన్న, తెలిసిన పదాన్నే సాగదీయడం భాషకు సహజం. శాస్త్రానికి కావలసింది పదానికి ఒకే అర్థం ఉండడం కాదు, ఒక సందర్భంలో ఒకే అర్థం ఉండడం. ఆ సందర్భాన్ని స్థిరపరిచే బాధ్యత చెప్పేవారిదే. దుకాణం ముందు చీటీతో నిలబడిన రైతుకు 'గుళికలు' అని రాసి ఇవ్వడానికి, మందు పేరు, శాతం, ఎకరానికి కిలోలు రాసి ఇవ్వడానికి మధ్య తేడా అర నిమిషం కాలం మాత్రమే. ఆ అర నిమిషం మిగుల్చుకుంటే నష్టపోయేది రైతు.